వాపసు కిటికీ

వినండి, చదువుకునే పిల్లలూ, బరువులు మోసే అన్నలూ! ఒక మనిషిని పదిమందిలో దొంగను చేస్తుంటే మేమంతా చూస్తూ నిలబడ్డాం. ముందు ఆ సంగతి చెప్పాలి.

ఆమె కూడా మాలాగే ఒక ఆన్‌లైన్ కంపెనీలో కొత్తగా దుకాణం తెరిచింది. దుకాణమంటే ఫోనులో నాలుగు ఫొటోలు, అంతే. ఆమే, భర్తా వంటగదిలో కూర్చుని తోలు కోసి చెప్పులు కుడతారు. రోడ్డు పక్క బడ్డీ పీకేశాక ఆ ఇంటికి మిగిలిన ఆధారం అదొక్కటే. మేం చెప్పులక్క అనేవాళ్ళం.

కొన్నవాళ్ళు వద్దని తిప్పి పంపిన సరుకును కంపెనీ గోదాములో ఒక కిటికీ దగ్గర మాకిస్తారు. ముందు ఫోనులో ‘సరుకు బాగానే ముట్టింది’ అని నొక్కాలి, ఆ తర్వాతే విప్పాలి. నొక్కాక లోపల ఏమున్నా కంపెనీకి పూచీ లేదు. పాతవాళ్ళం నోరు మూసుకుని నొక్కి, ఇంటికి పోయి తలుపేసుకుని విప్పేవాళ్ళం. అక్క అలా కాదు. తోలు కొన్నా వేలితో నొక్కి, వాసన చూసి గానీ తీసుకోని మనిషి. పార్సెల్ కిటికీ గట్టు మీద పెట్టగానే సంచిలోంచి కత్తి తీసి టేపు కోసేసింది.

లోపల ఎవరివో అరిగిపోయిన చెప్పులు. పట్టీ తెగి ఉంది. మడమకు బురద.

సూపర్‌వైజర్ బయటికొచ్చాడు. ఆ చెప్పును రెండు వేళ్ళతో ఎత్తి వరసలో నిలబడ్డ మాకందరికీ చూపించాడు.

“చూడండయ్యా, కొత్తోళ్ళ వ్యాపారం! పాత చెప్పులు అమ్ముతోంది.”

“నావి కావు సార్. నేను కుట్టినవి ఉంచేసుకుని ఇవి పంపారు.”

“అంటే కస్టమర్ దొంగా? నొక్కకుండా టేపెందుకు కోశావ్? నీ దుకాణం మూయించమంటావా?”

ఆమె మా వైపు చూసింది. మేం నేల చూపులు చూశాం.

“తప్పయిపోయింది సార్,” అంది. నొక్కింది. ఆ చెప్పుల్ని తన సంచిలోనే వేసుకుని వెళ్ళిపోయింది.

మాకు తెలియక కాదు. నేను ఫ్యాన్లు అమ్ముతాను. ఒకసారి ఫ్యానుకు బదులు ఇటుక వాపసొచ్చింది. చేతగానివాడని నవ్విపోతారని ఇంట్లో కూడా చెప్పకుండా మంచం కింద దాచాను. ఆ వరసలో అందరి మంచాల కిందా ఏదో ఒకటి ఉంది. మా సిగ్గే కంపెనీకి కాపలా కాస్తోంది.

గేటు బయట అక్క గట్టు మీద కూలబడింది. దుప్పట్లమ్మే పెద్దాయన పక్కన కూర్చున్నాడు.

“నాకూ వచ్చిందమ్మాయ్. కుక్క పడుకున్న దుప్పటి. మీ పిన్నికి కూడా చెప్పలేదు.”

“మరి ఇందాక లోపలెందుకు నోరు మెదపలేదు బాబాయ్?”

నాకు తల కొట్టేసినట్టయింది. అంతలో ఆమె ఫోను మోగింది. దుకాణం మూసేశామని కంపెనీ మెసేజ్.

“రేపు అందరం మంచాల కింద దాచినవన్నీ పట్టుకెళ్దాం,” అన్నాన్నేను.

“మనవీ మూసేస్తారన్నా,” అన్నాడు బొమ్మలమ్మే తమ్ముడు. “గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు?”

“గోటితో పోయిందా? నా పొయ్యే ఆరిపోయింది, చూడు తమ్ముడూ!” అంది అక్క.

ఇంటికెళ్ళి ఇటుక బయటికి తీశాను. మా ఆవిడ నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. “ఇన్నాళ్ళూ ఒక్కడివే మోశావా?” అని తనే సంచిలో వేసిచ్చింది.

పొద్దున కిటికీ ముందు కుప్ప పడింది. చిరిగిన దుప్పటి, కాలిపోయిన ఇస్త్రీ పెట్టె, నా ఇటుక.

“ఏంటీ చెత్త? ఎవరిది?” అన్నాడు సూపర్‌వైజర్.

“దుప్పటి నాది,” అన్నాడు పెద్దాయన.

“ఇటుక నాది,” అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. చెవులు కాలిపోయాయి, అయినా గట్టిగా మళ్ళీ అన్నాను. “అక్క దుకాణం తెరవండి. ఇక మీదట విప్పి చూశాకే నొక్కుతాం.”

“ఆమె రూలు తప్పింది. ఆమెనొదిలేసి పొండి, మీ జోలికి రాను.”

బొమ్మల తమ్ముడు వెనకే నిలబడ్డాడు. పోతాడేమోననుకున్నాం. ముందుకొచ్చి తల లేని బొమ్మను గట్టు మీద పెట్టాడు.

“ఇది నాది. నిన్ననే చెప్పాల్సింది అక్కా.”

మా జేబుల్లో ఫోన్లు ఒకదాని వెంట ఒకటి మోగాయి. దుకాణాలన్నీ మూసేశారు. ఆ రోజు పంపాల్సిన మా పార్సెళ్ళెత్తుకోవడానికి వచ్చిన లారీ హారన్ కొడుతోంది. ఎవరమూ ఒక్క పెట్టె ఎత్తలేదు. గేటు కాపలావాడు పోలీసులకు ఫోన్ చేశాడు.

చెప్పులక్క కిటికీ దగ్గరికి నడిచింది.

“సార్, నిన్న తప్పయిపోయిందన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.”

వచ్చి మా మధ్య నేల మీద కూర్చుంది. మేం జరిగి చోటిచ్చాం. పోలీసు బండి లోపలికొచ్చింది. మేం లేవలేదు.