కొలబద్ద పాఠం

పొద్దున్నే కొట్టు తలుపులు తెరవగానే పాఠం మొదలయ్యేది. వడ్రంగం చేసే పెద్దమేస్త్రిని పనిబల్ల ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన కొడుకు చిన్నమేస్త్రి ఒక్కో పనిముట్టూ ఎత్తి చూపించేవాడు.

"నాన్నా, ఇదేంటి?"

"ఉలి."

"మరి ఇది?"

పెద్దమేస్త్రి మూలమట్టం వైపు చూసేవాడు. తలుపుచట్రం మూల సరిగ్గా కుదిరిందో లేదో చెప్పే ఆ పనిముట్టును ఆయన జీవితమంతా వాడాడు. పేరు మాత్రం నోటికి అందేది కాదు. "చిత్రిక" అనేవాడు.

ఫెడీమని కొలబద్ద వేళ్ళ కణుపుల మీద పడేది.

"తప్పు. మళ్ళీ చెప్పు."

"బరమా."

మళ్ళీ పడేది.

ఎదురు కొట్టు దర్జీ మిషను ఆపి మరీ చూసేవాడు. "తండ్రికి కూర్చోబెట్టి నేర్పే కొడుకు ఈ రోజుల్లో ఎక్కడున్నాడండీ!" అని తన గిరాకీలతో మెచ్చుకునేవాడు. వాళ్ళు నవ్వేవారు. వాళ్ళు నవ్వుతున్నారు కదా అని పెద్దమేస్త్రి కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఇదేదో ఇంటివాళ్ళ సరదా అనుకుని మన దారిన మనం పోతాం. వేళ్ళ మీద లేచిన వాతలు వీధిలోకి కనిపించవు.

పెద్దమేస్త్రికి అల్జైమర్స్ మొదలైందనీ, ఇంకా తొలిదశేననీ, బుర్రకు పని చెబుతూ ఉండమనీ డాక్టరు అన్నాడు. చిన్నమేస్త్రికి తెలిసిన చదువు ఒక్కటే. ఈ కొట్టులో పనిముట్టు పేరు తప్పితే దెబ్బ, కొలత తప్పితే రెండు దెబ్బలు. చిన్నప్పుడు తండ్రి తనను కొట్టింది ఈ కొలబద్దతోనే. పట్టుకునే వైపు అంకెలన్నీ అరిగిపోయాయి. తాను చెయ్యి తిరిగిన పనివాడయ్యాడంటే అది ఆ దెబ్బల చలవేనని అతని గట్టి నమ్మకం. పని మరిచిపోతే నాన్న మంచం పడతాడని భయం కూడా. ప్రేమ లేక కొట్టలేదు, అందుకే ఆ చేతిని ఆపేవాళ్ళు లేకపోయారు.

కమిలిన వేళ్ళు చూసుకుని పెద్దమేస్త్రి మధ్యాహ్నం కోడలిని అడిగేవాడు. "ఈ దెబ్బ ఎక్కడ తగిలిందమ్మా?"

"వేళ్ళు తలుపు సందులో పడ్డాయేమో మావయ్యా" అనేది ఆమె, మొహం తిప్పుకుని.

కొట్టింది ఎవరో ఆయనకు గుర్తుండేది కాదు. కానీ కొడుకు అడుగుల చప్పుడు వింటే చాలు, చేతులు చంకల్లో దాచుకునేవాడు.

ఒకరోజు తలుపుచట్రం కోసం వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. "మూలమట్టం ఎక్కడ పెట్టావు నాన్నా?" అని చిన్నమేస్త్రి అరిచాడు. పెద్దమేస్త్రి చిత్రిక తెచ్చి ఇచ్చాడు. దెబ్బ పడింది. కంగారుగా రంపం తెచ్చాడు. ఈసారి మణికట్టు మీద పడింది. "బుద్ధి లేదూ! నిన్న చెప్పానా లేదా!" అంటూ కొడుకు మూడోసారి ఎత్తాడు. పెద్దమేస్త్రి గొంతులోంచి గొడ్డు అరుపులాంటిది వచ్చింది. బల్ల మీది కొయ్యసుత్తి అందుకుని బలమంతా పెట్టి కొట్టాడు.

కొడుకు కుడిచెయ్యి పుటుక్కున విరిగింది. నొప్పికి ఒళ్ళు తెలియక అతను ఎడమచేత్తో తండ్రిని చెంప మీద కొట్టాడు. పెద్దమేస్త్రి వెనక్కి పడి, పనిబల్ల అంచు తగిలి నుదురు చీలింది. రంపపు పొట్టు ఎర్రగా తడిసింది. కోడలు కేకలు పెడుతూ ఇద్దరి మధ్యా పడింది.

ఆస్పత్రిలో ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టారు. నుదుటికి కుట్లు వేయించుకుంటూ పెద్దమేస్త్రి కొడుకు చేతికట్టు చూశాడు.

"ఎవడు కొట్టాడ్రా నిన్ను? చెప్పు, వాడి సంగతి నేను చూస్తా."

చిన్నమేస్త్రి చొక్కా చెయ్యి కట్టు మీదికి లాక్కున్నాడు.

సాయం వచ్చిన దర్జీ మాత్రం తీర్పు చెప్పేశాడు. "ఇంక లాభం లేదు. గదిలో పెట్టి బయట గొళ్ళెం బిగించు. గొళ్ళెం నేను తెచ్చిస్తాలే."

చిన్నమేస్త్రి సరేనన్నట్టు తల ఊపాడు. మతిమరుపు మొదలైన వాళ్ళకు గుర్తుంచుకునే కిటుకులు నేర్పే నర్సు అక్కడే ఉంది. ఆమె పెద్దమేస్త్రి చేతులు తిప్పి చూసింది.

"ఈ వేళ్ళకేమైంది?"

"డాక్టరుగారే బుర్రకి పని చెప్పమన్నారు సిస్టర్" అన్నాడు చిన్నమేస్త్రి నేల చూపులు చూస్తూ.

"బుర్రకి చెప్పమంటే వేళ్ళకి చెప్పారా?" ఆమె గొంతు పెరిగింది. "తెలియని మనిషిని ఊహించి చెప్పమంటే తప్పే చెప్తాడు. ఆ తప్పే బుర్రలో కూర్చుంటుంది. జవాబు ముందు మీరే చెప్పండి. వెంటనే ఆయన చేత చెప్పించండి. కాసేపాగి మళ్ళీ, ఇంకాస్త ఎక్కువసేపాగి మళ్ళీ. గోడ మీద ఏ పనిముట్టుకి ఆ బొమ్మ గీసి అక్కడే తగిలించండి. పేరు రాకపోతే కొంపేం మునగదు, వస్తువు చేతికి దొరికితే చాలు. జబ్బు పోతుందని నేను చెప్పను. కానీ కొన్నాళ్ళయినా ఆయన బల్ల దగ్గరే ఉంటాడు, గొళ్ళెం వెనక కాదు."

చిన్నమేస్త్రి ఎడమచేత్తో గోడ నిండా బొమ్మలు గీశాడు. పెద్దమేస్త్రి వాటిని ఎగాదిగా చూశాడు.

"ఒరేయ్, ఇవి చేత్తో గీశావా, కాలితోనా?"

ఇంట్లో చాన్నాళ్ళకు అందరూ నవ్వారు.

"నాన్నా, మూలమట్టం కిటికీ పక్కన ఉంది. ఎక్కడుంది?"

"కిటికీ పక్కన."

టీ తాగాక మళ్ళీ అదే మాట. భోజనాలయ్యాక మళ్ళీ. కొన్నిరోజులు నిలిచేది, కొన్నిరోజులు జారిపోయేది. జారిన రోజు జవాబు మళ్ళీ కొడుకే ముందు చెప్పేవాడు. దర్జీ తెచ్చిన గొళ్ళెం మాత్రం ఎందుకైనా మంచిదని బల్ల మీదే ఉంది.

ఒక ఉదయం ఎవరూ అడగకుండానే పెద్దమేస్త్రి కిటికీ దగ్గరికి నడిచి, మూలమట్టం తీసి తలుపుచట్రం మూలలో ఆనించాడు. "వెంట్రుకవాసి తేడా ఉందిరా" అన్నాడు.

ఆనందం పట్టలేక, తండ్రి భుజం తట్టబోయి చిన్నమేస్త్రి చెయ్యెత్తాడు.

మూలమట్టం ఖంగున కింద పడింది. పెద్దమేస్త్రి రెండు చేతులతో తల కప్పుకుని మూలకు ముడుచుకుపోయాడు. "కొట్టకండి మేస్త్రిగారూ! ఈసారి సరిగ్గా చెప్తాను!"

ఆయనకు పని నేర్పిన ఆ మేస్త్రి పోయి ఎన్నో ఏళ్ళయింది. పనిముట్ల పేర్లు పోయాయి, ఆ మనిషి దెబ్బ పోలేదు. దాని పక్కన ఇప్పుడు తన దెబ్బ కూడా చేరిందని చిన్నమేస్త్రికి అర్థమైంది. అతను నేల మీద కూలబడి ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని మెల్లగా అన్నాడు.

"నాన్నా, నిన్నెవరూ కొట్టరు. ఎవరు కొడతారు?"

పెద్దమేస్త్రి ఇంకాస్త ముడుచుకున్నాడు.

"ఎవరూ కొట్టరు. ఎవరు కొడతారు?"

చేతుల మధ్యనుంచి మాట వచ్చింది. "ఎవరూ కొట్టరు."

ఆ రోజే తండ్రి చేత పట్టించి, చిన్నమేస్త్రి ఎడమచేత్తో కొలబద్దను ముక్కలుగా కోశాడు. ఆ ముక్కల్ని తలుపుచట్రం కింద ఎత్తు కోసం పెట్టాడు.

"ఏమోయ్, ఇవాళ పాఠం లేదా?" అంటూ దర్జీ వచ్చాడు.

చిన్నమేస్త్రి బల్ల మీది గొళ్ళెం తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఉందండీ, రోజూ ఉంటుంది. మరిచిపోయే మనిషికి జవాబు మనమే ముందు చెప్పి నేర్పాలి. కొట్టి అడిగితే అన్నీ మరిచిపోయి ఆ దెబ్బొక్కటే గుర్తుంచుకుంటాడు."