గోల్‌పోస్టు ఏటికెళ్ళిన రోజు

ఆ ఏడు మేము వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాం. మొదటిది యాభై నాలుగు, సున్నా. అయినా నా జన్మలో అంతగా నవ్విన ఏడాది ఇంకొకటి లేదు, ఆ తర్వాత రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నా సరే.

నా పేరు మార్నీ హెగ్‌స్ట్రమ్. జట్టంతా హెగ్గీ అనేవాళ్ళు. మాది అమెరికాలోని అయోవాలో టామ్రిక్ అనే ఊరు. కాలేజీకీ ఆ పేరే. జట్టు పేరు నీటి ఎలుకలు. ఆ పేరు పెట్టినవాడికి ముందుచూపు ఎక్కువ. ఫుట్‌బాల్ అని పేరే గాని మా ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు, కాలితో తన్నే పని మా జట్టులో నా ఒక్కదానిదే. ఎదుటివాళ్ళ చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. ఆ తర్వాత గోల్‌పోస్టు రెండు కొమ్ముల మధ్య నుంచి బంతిని తంతే ఇంకొక్కటి. ఆ ఇంకొక్కటే నా ఉద్యోగం. ఆట మొదలెట్టే తన్ను కూడా నాదే గాని, అది గుమ్మం తలుపు తీసే పనిలాంటిది, ఎవరూ చూడరు.

హాయిగా కాలితో ఆడే సాకర్ ఆడుకుంటున్న నన్ను పట్టుకొచ్చి ఈ ఉద్యోగంలో పెట్టింది కొత్త కోచ్ లైల్ ప్రూయెట్. పెట్టి, తొమ్మిది ఆటల్లో ఒక్కసారి కూడా పోస్టు వైపు తన్ననివ్వలేదు. తన్నే బదులు మళ్ళీ ఒకసారి గీత దాటితే ఒకటి కాదు, రెండొస్తాయి. ఆయనకి ఎప్పుడూ ఆ రెండే కావాలి.

“ఒక్క పాయింటుకి కక్కుర్తేమిటే అమ్మాయ్? ఎలాగూ ఓడిపోతున్నాంగా, దర్జాగా ఓడిపోదాం!” అనేవారు.

తొమ్మిది ఆటల్లో ఐదుసార్లు గీత దాటాం. ఐదుసార్లూ రెండుకి ఆశపడి సున్నా తెచ్చుకున్నాం. నేను రోజూ ఖాళీ మైదానంలో రెండొందలసార్లు తన్ని, ఆటరోజు బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమిలేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

అయినా ఆయన మీద కోపం నిలిచేది కాదు. ఇదివరకు హైస్కూలు పిల్లలకి కారు నడపడం నేర్పేవారట, అందుకే ఏ ప్రమాదానికీ ఉలిక్కిపడేవారు కాదు. మా ఎత్తులకి చర్చి విందులో వంటకాల పేర్లు పెట్టారు. బంగాళదుంప సలాడ్ అంటే ఎడమకి, రుబార్బ్ అంటే కుడికి. నాలుగో ఆటలో ఆయన “రుబార్బ్!” అని అరిస్తే సగంమంది కుడికి, సగంమంది ఎడమకి పారిపోయారు. మధ్యలో బంతి అందుకుని విసిరే మా క్వార్టర్‌బ్యాక్ టెవిన్ బ్రాడ్‌నాక్స్ ఒక్కడే మిగిలాడు. మీదికొస్తున్న నలుగురు భీముళ్ళని చూసి, ఏం తోచక, బంతిని మర్యాదగా రిఫరీ చేతిలో పెట్టేశాడు. కోచ్ నవ్వీ నవ్వీ గడ్డిలో కూలబడ్డారు. ఆట అయ్యాక మాత్రం టెవిన్ భుజం మీద చెయ్యేసి, “ఒరే, పెద్దల చేతిలో పెట్టావు, తప్పులేదు. రేపట్నుంచి మనవాళ్ళ చేతిలో పెట్టు” అన్నారు.

ఓడినప్పుడల్లా ఆయనింట్లో చిల్లీ అనే బీన్సు కూర, దాల్చినచెక్క రోల్సు. పాత కోచ్ హయాంలో ఏడాదికి మూడు ఆటలు గెలిచేవాళ్ళట, గెలిచి కూడా బస్సులో ఏడ్చేవాళ్ళట. ఆ మాట టెవినే చెప్పాడు నాకు, రోల్ మీద చక్కెర పూత నాకుతూ. తొమ్మిదో ఆట అయ్యేసరికి ఏడుగురు దెబ్బలు తగిలి చంకకర్రల మీద నడుస్తున్నారు, ఒక్కడు కూడా జట్టు వదిలి వెళ్ళలేదు.

ఆ తొమ్మిదో ఓటమి తర్వాతి సోమవారం కాలేజీ ప్రెసిడెంటు ఐవర్సన్ గారు రబ్బరు బూట్లేసుకుని సాధన జరిగే చోటికి వచ్చారు. అరవై దాటిన ఆవిడ, నవ్వితే జరిమానా కట్టాలన్నట్టు ఉండేవారు. మా అందరి ముందే చెప్పారు.

“ప్రూయెట్ గారూ, చాటుగా చెప్పడం నాకు చేతకాదు. బోర్డువాళ్ళు నా తల తినేస్తున్నారు. శనివారం ఆఖరి ఆట. అది గెలిస్తే మీరుంటారు. లేకపోతే సోమవారం ఇంకో కోచ్ కోసం వెతుక్కుంటాను.”

“ఒక్కటి గెలిస్తే చాలా మేడమ్?”

“ఒక్కటే. అరసున్నా కూడా తగ్గించను.”

ఆవిడ వెళ్ళాక ఎవరూ నవ్వలేదు. ఆ ఏడు మేము నవ్వని రోజు అదొక్కటే. ఆయన్ని పోగొట్టుకోవడం మాకిష్టం లేదు, అంతే. దానికి పెద్ద మాటలక్కర్లేదు.

శనివారం కార్వర్‌డేల్ కాలేజీతో ఆట, మా మైదానంలోనే. వాళ్ళు తొంభైమంది, మేము ఇరవై నలుగురం. ఏమొచ్చిందో మావాళ్ళకి, ఆ రోజు రుబార్బ్ అంటే అందరూ కుడికే వెళ్ళారు! ఒకసారి రెండు పాయింట్ల పాచిక పారింది కూడా. ఆఖరి నాలుగు క్షణాల్లో వాళ్ళు ఇరవై, మేము పద్నాలుగు. టెవిన్ బంతిని గాల్లోకి ఎందుకు విసిరాడో వాడికే తెలియదు. అది ముగ్గురి చేతులు తగిలి, నాలుగోవాడి పొట్టలో ఇరుక్కుంది. నాలుగోవాడు మావాడే, చివరి గీతకి అవతలే పడ్డాడు. ఆరు పాయింట్లు. ఇరవై, ఇరవై. గడియారం సున్నా. కాలం అయిపోయినా ఆ మిగిలిన ఒక్క ప్రయత్నం మాకు ఉంటుంది.

కోచ్ నా వైపు తిరిగారు. “హెగ్గీ, ఇవాళ మనకి ఒకటి చాలు. పో.”

నోట్లో గింజలన్నీ ఉమ్మేసి లేచాను. పోస్టు వైపు చూశాను. పోస్టు ఊగుతోంది.

జరిగిందేమిటంటే, స్కోరుబోర్డు దగ్గర కూర్చునేది వెల్డా స్ట్రోమ్ గారు, ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన టీచరమ్మ. గీత దాటగానే ఆవిడ ఆనందంలో ఆరుకి బదులు ఏకంగా ఏడు వేసేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బోర్డు మీద ఇరవై ఒకటి, ఇరవై. గడియారం సున్నా. ఇక ఊరంతా మైదానంలోకి దూకింది. ఏడాది ఆఖరి ఆట గెలిచిన రోజున గోల్‌పోస్టు పెరికి ఏట్లో పడెయ్యడం మా ఊరి ఆనవాయితీ. పదకొండేళ్ళుగా ఆ ముచ్చట తీరక చేతులు దురదపెట్టి ఉన్నారు జనం. నేను “ఆగండి!” అనేలోపు అడ్డకమ్మి మీద ఇరవైమంది వేలాడుతున్నారు. పాత ఇనప పోస్టు, రెండు కాళ్ళూ నేల దగ్గర పుటుక్కున విరిగాయి.

దాన్ని భుజాలకెత్తుకుని గేటు దాటేశారు. వెనకాల కోచ్ ఈలేస్తూ పరుగు, ఆయన వెనక హెల్మెట్లతో మేమంతా.

“ఆట అవలేదర్రా! అవలేదూ!”

“గెలిచాం కోచ్! గెలిచాం!” అని వాళ్ళు ఆయన్ని కూడా భుజాలకెత్తుకున్నారు. పోస్టు ముందు, కోచ్ వెనక, పెళ్ళి ఊరేగింపులా మెయిన్ వీధంతా సాగింది. మంగలిషాపులోంచి సగం గడ్డంతో ఒకాయన వచ్చి కోచ్ చెయ్యి ఊపాడు. వంతెన మీంచి పోస్టుని నీళ్ళలోకి తోసేసి, తర్వాత ఆయన్ని తొయ్యబోతుంటే, టెవిన్ ఆయన రెండు కాళ్ళూ పట్టుకుని వేలాడి అరిచాడు. “ఒరేయ్ తింగరి సన్నాసుల్లారా! స్కోరు సమానం! హెగ్గీ ఇంకా తన్నాలి! దేన్లోంచి తన్నుద్దిరా, మీ నోట్లోంచా?”

ఆ తర్వాత మూడొందలమంది ఒక్కసారి ఏట్లోకి దిగిన చప్పుడు.

మోకాలి లోతు నీళ్ళే, నవంబరు నీళ్ళు. పోస్టు ఒక కొన పట్టుకుని, కోటు బురదలో ఈడ్చుకుంటూ లాగుతున్న ముసలావిడని చూసి ఎవరో అనుకున్నాను. ప్రెసిడెంటు ఐవర్సన్ గారు!

“మేడమ్, మీరు కూడా తోశారా దీన్ని?”

“తోసే ముందు లెక్క సరిచూసుకోవద్దా, నాకు బుద్ధి లేదు” అన్నారావిడ, పళ్ళు టకటకలాడుతుంటే. “మాటలాపి లాగమ్మాయ్!”

మేము తిరిగొచ్చేసరికి వెల్డా గారు బోర్డు మీది ఒకటి తీసేసి, కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చున్నారు. కార్వర్‌డేల్ వాళ్ళు గడ్డిలో పడుకుని హాట్‌డాగులు తింటున్నారు. వాళ్ళ కెప్టెన్ నన్ను చూసి, “ఏం హెగ్గీ, మీ పోస్టు స్నానం చేసొచ్చిందా? తల తుడిచారా?” అన్నాడు. వాళ్ళ తొంభైమందీ పడీ పడీ నవ్వారు.

రిఫరీ ఓగ్డెన్‌ది ముప్పై ఏళ్ళ అనుభవం. నవ్వలేదు. జనం చొరబడ్డందుకు పదిహేను గజాలు వెనక్కి జరిపాడు. మూలిగే నక్క మీద తాటిపండు. ఇరవై గజాల తన్ను ముప్పై అయిదయింది. కాళ్ళు విరిగిన పోస్టు తనంతట తాను నిలబడదు గనక, అరవైమంది దాన్ని పాత చోటే నిలబెట్టి పట్టుకోవాలన్నాడు.

“ఒక్క మాట వినండి” అన్నాడు. “అది అంగుళం కదిలిందంటే తన్ను చెల్లదు. తర్వాత అదనపు ఆటే.”

అదనపు ఆటంటే మా పని అయిపోయినట్టే. మావాళ్ళు ఇరవై నలుగురు ఏట్లో తడిసి, మైలు దూరం ఇనుము మోసి, నిలబడలేక ఒకరినొకరు ఆనుకుని ఉన్నారు. అంతా నా కాలి మీదే ఉంది. కోచ్ వచ్చి నా పక్కన నిలబడ్డారు.

“భయమేస్తోందా?”

“చచ్చేంత.”

“నాక్కూడా. అయినా భలేగా ఉంది కదూ!” అన్నారు. ఆయన మొహంలో నిజంగానే దీపావళి. ఉద్యోగం పోతుందో ఉంటుందో తెలియని మనిషి మొహం అలా ఉండకూడదు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే తన్నాను.

బాగానే తగిలింది. బంతి లేచింది. ఊరంతా తలెత్తింది. ఎడమ నుంచి గాలి తగిలి బంతి కుడికి జరగడం మొదలెట్టింది. కుడికి. ఇంకా కుడికి. అప్పుడు పోస్టు కూడా ఒక అడుగు కుడికి వేసింది. తర్వాత ఇంకో అడుగు. అరవైమందీ బంతి మీంచి కళ్ళు తియ్యకుండా, నీరసపు పీతలాగా పక్కకి నడుస్తున్నారు. బంతి రెండు కొమ్ముల మధ్య నుంచి చక్కగా, పద్ధతిగా వెళ్ళిపోయింది.

జనం గోల ఆకాశానికంటింది. ఓగ్డెన్ చేతులు అడ్డంగా ఊపాడు.

“చెల్లదు! కదిపింది ఎవరు?”

అరవైమందీ నేల చూపులు చూశారు. చూడక్కర్లేదు, బురదలో గీతలున్నాయి. కుడి కాలు దగ్గర అందరికన్నా లోతుగా, నాగలి తోలినట్టు రెండు చాళ్ళు. ఆ చాళ్ళ చివర రబ్బరు బూట్లు. బూట్లలో ప్రెసిడెంటు గారు, ఇంకా స్తంభాన్ని కావలించుకునే ఉన్నారు.

“నేనే” అన్నారావిడ. “అందరూ జరిపారనుకోండి. మొదలెట్టింది మాత్రం నేనే.”

పోస్టు కదలకపోతే ఆ తన్ను గజం దూరంలో తప్పేది. వంద పుట్టినరోజుల విందుల్లో నేను పోస్టు వంకరగా పట్టుకున్నారనే చెప్పాను, ఆడలేక మద్దెల ఓడు అని అందరూ నవ్వారు. నిజం ఇదీ: నా గురే తప్పింది.

అదనపు ఆట నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఇరవై ఏడు, ఇరవై. పదికి పది ఓటములు. టెవిన్ హెల్మెట్ తీసి అందులో మొహం పెట్టుకున్నాడు. నేను గడ్డిలో కూర్చుని, ఏడుపూ నవ్వూ ఏది ముందొస్తుందో తెలియక వెక్కిళ్ళు పెట్టాను. జనం ఒక్కరూ ఇంటికి పోలేదు. అందరూ కోచ్‌నే చూస్తున్నారు.

ఆయన టోపీ తీసి ప్రెసిడెంటు గారి దగ్గరికి నడిచారు. జేబులోంచి తాళాలు తీశారు.

“మేడమ్, మీరు చెప్పింది ఒక్క గెలుపు. తేలేకపోయాను. ఆఫీసు తాళాలు ఇప్పుడే ఇచ్చెయ్యనా, సోమవారం తెమ్మంటారా?”

ఆవిడ లంగా అంచు పిండుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూశారు. అరచేతులు రెండూ చాపారు. తుప్పు, బురద, చర్మం లేచిపోయి ఉంది.

“చూడవయ్యా వీటిని” అన్నారు. ఆయన్ని ఆవిడ నువ్వనడం అదే మొదటిసారి. “నలభై ఏళ్ళ ఉద్యోగంలో లెక్కల్లో ఒక్క సున్నా కూడా మార్చి ఎరగను. ఇవాళ పట్టపగలు, ఊరందరి ముందు, నీ కోసం మోసం చేసి దొరికిపోయాను. ఇంక నిన్ను పొమ్మనే మొహం నాకెక్కడిది?”

ఆయన చెయ్యి అలాగే చాపి ఉంది, తాళాలు ఊగుతున్నాయి. ఆవిడ ఆ చేతిని మూసి, వెనక్కి నెట్టారు.

“నీ దగ్గరే ఉంచు. కొత్త పోస్టు మాత్రం బాగా లోతుగా పాతించు, నన్ను నమ్మడానికి లేదు.”