గాజు గుర్రం చరణం

పక్షవాతం వచ్చాక ఆయనకు మాటలు పోయి పాటలు మిగిలాయి. అవీ కుర్రతనంలో స్నేహితుడితో కలిసి క్యాసెట్లు అరిగేదాకా విన్న ఇంగ్లీషు రాక్ పాటలు. మంచినీళ్ళు కావాలన్నా వాటిలో ఒక ముక్కే, ఫ్యాను ఆపమన్నా వాటిలో ఒక ముక్కే.

భార్య ఇంట్లోనే బట్టలు ఆల్టర్ చేస్తుంది. కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఆ ముక్కలన్నీ రాసి పెట్టుకుంది. నది మీద రైలు అంటే దాహం. చంద్రుడికి జ్వరం అంటే లైటు తీసెయ్యమని. అంతుబట్టనివి ఉంటే గిటారు అన్నయ్యకు ఫోను చేసేది. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం వాళ్ళ సోఫాలో కూర్చుని ఆ పాటలకు టీకాతాత్పర్యాలు చెప్పిన స్నేహితుడు ఆయనే.

"నేతిబీరకాయలో నెయ్యెంతో మీ పాటల్లో అర్థమూ అంతే," అని ఒకప్పుడు వెక్కిరించిన మనిషి, ఇప్పుడు ఆ అర్థాల కోసమే ఆయన్ని బతిమాలుకుంటోంది.

ఆ వారం మంచం మీంచి ఒకటే చరణం. గాజు గుర్రాన్ని కట్టెయ్యకండి, మంచులో దారి దానికి తెలుసు.

"అది ఒంటరితనం గురించమ్మా," అన్నాడు ఫోన్లో గిటారు అన్నయ్య. "మంచంటే లోపలి చలి."

ఆవిడకు చలి అన్న మాటొక్కటే పనికొచ్చింది. రెండు జతల మేజోళ్ళు తొడిగి, దుప్పటి మీద దుప్పటి కప్పి, నాలుగు రోజులు ఒళ్ళు తుడవడం కూడా మానేసింది. ఐదో రోజు మేజోడు లాగితే ఎడమ పాదం నల్లగా ఉంది.

"మోకాలి కిందికి తీసేస్తే బతికే అవకాశం ఉంది. లేకపోతే రెండు మూడు రోజులు," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "ఆయనకు తెలివుంది. అడిగి, మధ్యాహ్నంలోగా సంతకం చెయ్యండి."

"తీసెయ్యమందామా?" అని అడిగింది. ఆయన తలూపాడు.

"వద్దందామా?" మళ్ళీ అంతే ఇష్టంగా తలూపాడు. ఆ వెనకే గాజు గుర్రం మొదలుపెట్టాడు.

కబురంది వచ్చి మంచం పక్క స్టూలు మీద కూర్చున్న గిటారు అన్నయ్య వైపు తిరిగింది ఆవిడ. "కట్టెయ్యకండి అంటే కాలు జోలికి పోవద్దనా? ప్రాణం పోనివ్వమనా? ఏదో ఒకటి చెప్పండి అన్నయ్యగారూ."

గిటారు అన్నయ్య మోకాళ్ళు రాసుకున్నాడు. "యుద్ధానికి వెళ్ళని సిపాయి పాటని నేననేవాణ్ణి. దేవుడి పాటని వీడనేవాడు. దానిమీద ఆర్నెల్లు మాట్లాడుకోలేదు."

"మీ పోట్లాటలు నాకెందుకు. ఈయనేమంటున్నారు?"

"నిజం చెప్పమంటావా? రాసినవాణ్ణే ఎవరో అడిగితే, బాణీకి కుదిరిందని రాశాను, నాకూ తెలీదు అన్నాట్ట."

"ఈ ముక్క ఆవేళ ఫోన్లోనే చెప్పుంటే, నేను లేచి కాలు చూసేదాన్నిగా," అంది మెల్లగా.



నర్సు ఆపరేషనుకు ఒప్పుకునే కాగితం తెచ్చి పెన్ను అందించింది. సంతకానికి వంగితే, మంచం మీంచి ఆయన చచ్చుబడని చెయ్యి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఆపుతోందో, ఆసరా అడుగుతోందో తెలియలేదు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన పాడుతూనే ఉన్నాడు. ఆ పట్టులోనే వంకరటింకరగా పేరు రాసింది.

నర్సు కాగితం తీసుకుపోయాక కూడా ఆయన చెయ్యి వదల్లేదు.