ఇరవై ఐదో వరుస

కార్ఖానా అనే పేటలో ఉన్న ఒక కాలనీ పార్కులో అమరుల స్మారకం కట్టాలని మాజీ సైనికుల సంఘం అనుకుని మూడేళ్లయింది. ఒకరు తుపాకీ బొమ్మ కావాలన్నారు, ఒకరు ఫౌంటెన్ అన్నారు. ఒకాయన పాత ట్యాంకు తెప్పిద్దామన్నాడు. అది పార్కు గేటులో దూరదని కొలిచి చూపించేదాకా ఆయన ఊరుకోలేదు. చివరకు ఒక గద్దె, దాని మీద నిలువెత్తు నల్లరాయి, రాతి మీద ఈ చుట్టుపక్కల నుంచి పోయి తిరిగిరాని ఇరవై నలుగురి పేర్లు అని తేలింది. పని రెజిమెంటల్ బజార్‌లో రాళ్ల కొట్టు నడిపే బ్రహ్మచారికి అప్పగించారు.

బ్రహ్మచారి బడి మొహం చూడనివాడు. మాట కూడా పొదుపే. పేర్లు కాగితం మీద అచ్చు వేయించి, రాతికి అంటించి, ఆ గీత వెంట ఉలి నడపడం అతని పద్ధతి. సొంతంగా అక్షరం రాసి చెక్కింది ఎన్నడూ లేదు.

ఆ అక్షరాలైనా గుర్తుపట్టడం నేర్పింది చిన్నబ్బాయి. కోస్తా నుంచి వచ్చి పటాలం లంగరులో, అంటే సిపాయిల వంటింట్లో, పనికి కుదిరిన మనిషి. సెలవు రోజున కొట్టు ముందు కూర్చుని బొగ్గుతో బండ మీద 'చ' రాసి, "ఇది నా పేరులోనూ ఉందోయ్, నీ పేరులోనూ ఉంది. దీంతో మొదలెడదాం," అన్నాడు. అతని 'చ' గుండ్రంగా ఉండదు. గుమ్మడి గింజలా కోలగా, కాస్త పక్కకు వాలి ఉంటుంది. ఇరవై ఏళ్ల బ్రహ్మచారి అక్షరాలు దిద్దుతుంటే బజారంతా నవ్వింది, చిన్నబ్బాయి ఒక్కడు నవ్వలేదు. తర్వాత పటాలంతో పాటు మంచుకొండలకు పోయాడు. పైనున్న చౌకీకి తిండి మోసుకుపోతూ మంచు పెళ్లలు విరిగిపడి వాటి కిందే పోయాడు. నలభై ఏళ్లవుతోంది.

సంఘం జాబితాలో ఆ పేరు లేదు. చిన్నబ్బాయి భార్య నాంచారమ్మ ఒకసారి పార్కుకు వచ్చి ఆయన పేరు చేర్చమని అడిగింది. అదే పటాలంలో సుబేదారుగా రిటైరైన దయాకర్ సంఘానికి పెద్ద. ఆవిడకు కుర్చీ వేసి, టీ తాగించి, సిపాయిల పట్టీలో ఉన్నవాళ్లవే పెట్టాలని తీర్మానమైందని మెల్లగా చెప్పాడు. ఆవిడ అలాగే బాబూ అని కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. గద్దె కొలతలు తీసుకుంటున్న బ్రహ్మచారి అంతా విన్నాడు. విననట్టు కొలతల మీదకే వంగాడు. అలా వంగినందుకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

రాతిని కొట్టులో రెండు దుంగల మీద పడుకోబెట్టి, జాజు ఎర్రమట్టిలో ముంచిన నూలుతాడు బిగబట్టి కొడుతూ ఎర్రటి వరుసలు గీశాడు. చూడవచ్చిన దయాకర్ వేలితో లెక్కపెట్టాడు.

"ఏందీ, ఇరవై నాలుగు పేర్లకు ఇరవై ఐదు వరుసలు గీసినవ్?"

బ్రహ్మచారి తానూ లెక్కపెట్టుకున్నాడు. నిజమే. యాభై ఏళ్ల పనిలో ఇలాంటి తప్పు జరగలేదు. చెయ్యి తనను అడక్కుండానే ఇంకొకరిని కలుపుకుంది.

"మన కాలనీ పిల్లలు ముగ్గురు ఇప్పుడు బార్డర్ల ఉన్నరు," అన్నాడు దయాకర్. "ఖాళీ జాగ జూస్తే వాళ్ల తల్లులేమనుకుంటరు? ఎవని కోసం ఉంచిన్రనరా? తుడిచెయ్యి."

ఆ మాటా నిజమే. బ్రహ్మచారి గుడ్డ తడిపాడు. జాజు ఎంతసేపు, ఒక్క తుడుపుకు పోతుంది. గుడ్డ రాతి దాకా వచ్చి ఆగింది.

"తుడువుమంటె తుడుస్త సారు. కని చిన్నబ్బాయన్న చేతి తిండి మీరు సుత తిన్నరు."

దయాకర్ స్టూలు మీద కూర్చున్నాడు.

"రొట్టెలు గడ్డకట్టకుండ కోటు లోపల, రొమ్ముకు ఆనిచ్చి తెచ్చేటోడు," అన్నాడు. "మా చేతులల్ల పెడితే వేడిగుండేటియి." తనకు మనసు లేక వద్దనడం లేదన్నాడు. "ఆయనది రాస్తే రేపు ధోబీలు, మూటలు మోసినోళ్లు, అందరి ఇండ్లోళ్లు వస్తరు. ఏడ రాస్తవ్?"

"రానియ్యున్రి. రాయి ఎనుక సుత నున్నగనే చేసిన."

దయాకర్ వంగి, దుంగల మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి రాతి అడుగు తడిమాడు. చెయ్యి జర్రున జారింది. ఎవరూ అడగని పని, ఎవరికీ కనబడని పని. అతను లేచి, తడిగుడ్డ తానే తీసి పక్కన పెట్టాడు.

ఆదివారం సంఘానికి చిన్నబ్బాయి పేరు సంగతి దయాకరే చెప్పాడు. ఎవరూ కాదనలేదు. ట్యాంకు అడిగినాయన మాత్రం, మొదటి నుంచే ఇలా ఒక్కమాట మీద ఉంటే మూడేళ్లు మిగిలేవి కదా అన్నాడు.

అచ్చు కాగితంలో ఇరవై నాలుగు పేర్లే ఉన్నాయి. ఇరవై ఐదోది బ్రహ్మచారి బొగ్గుతో సొంతంగా రాసి చెక్కాడు. హోదా ఉండే చోట 'లంగర్' అని, పక్కన పేరు.

ఆవిష్కరణ రోజు పూలదండలయ్యాక, ఇరవై ఐదు ఇళ్లవాళ్లూ ఒక్కొక్కరే గద్దె దగ్గరికి వచ్చారు. నాంచారమ్మ చివరి వరుసలో పక్కకు వాలిన 'చి' మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇది మా ఆయన రాత. ఉత్తరాల్లో ఇలాగే రాసేవారు," అంది.

"ఔ వదినా. ఆయన నేర్పిందే," అన్నాడు బ్రహ్మచారి.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, రాతిని ఆనుకుని నిలబడ్డ అతని వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. బ్రహ్మచారి పక్కకు జరిగాడు. దండం రాతికి చేరింది.