రెండు అంతస్తుల మధ్య

సాయంత్రమైతే చాలు, ఆ అపార్ట్‌మెంటులో లిఫ్టు మధ్యలో ఆగిపోయేది, కాసేపటికి మళ్లీ కదిలేది. లిఫ్టు మెకానిక్ కాపురం అదే భవనంలో, అన్నిటికన్నా పై అంతస్తులో. ఊరంతా లిఫ్టులు బాగుచేసి వచ్చి, తన ఇంటి లిఫ్టు దగ్గర మాటపడటం అతనికి తలకొట్టేసినట్టుండేది. మోటారు చూశాడు, తీగలు మార్చాడు, తలుపులు సరిచేశాడు. ఎక్కడా లోపం లేదు.

"ఆ లిఫ్టుకి నీ మీదేదో కోపంరా," అని నవ్వింది వాళ్లమ్మ.

ఆ ఇంట్లో ఈమధ్య నవ్వేది ఆవిడొక్కతే. భార్యకు బట్టల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. కూతురు పదో తరగతి. పిచ్చుక అని ముద్దుపేరు. ఆ పిల్ల కొన్నాళ్లుగా కంచంలో చెయ్యిపెట్టి కెలికి లేచిపోతోంది. వయసు అలాంటిదిలే అనుకున్నాడు. స్కూలు యాప్ వారం వారం పరీక్ష మార్కులు, ర్యాంకు తండ్రి ఫోనుకి పంపేది. చూసి, "ఈసారి కాస్త జారావే," అనేవాడు. అంతే. పల్లెత్తు మాట అనలేదు కదా అని అతని ధీమా.

ఒకరోజు పనిలో ఉండగా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అన్నా, లిఫ్టు మళ్లీ ఆగింది. లోపల ఎవరో ఉన్నారు. పిలుస్తుంటే పలకట్లేదు."

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"పిచ్చుక ఇంకా రాలేదురా. స్కూలు వదిలి చాలాసేపైంది," అంది వాళ్లమ్మ.

కూతురి ఫోను కలవలేదు. పడుతూ లేస్తూ వచ్చి, మెట్లెక్కి మోటారు గదిలో కరెంటు ఆపేశాడు. చేత్తో బ్రేకు వదులుతూ లిఫ్టును కిందికి దించాడు. ఎన్నోసార్లు చేసిన పనే. అరచేతులు చెమటకి జారిపోతున్నాయి. కిందికి పరుగెత్తి తలుపు తీశాడు.

కూతురు మూలన ముడుచుకుని, మోకాళ్లలో తలపెట్టుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా? ఇరుక్కుపోయావా?"

"నేనే స్టాప్ బటన్ నొక్కి ఆపాను నాన్నా."

"రోజూ ఆపేది నువ్వేనా? ఎందుకు తల్లీ?"

"ఇందులో సిగ్నల్ రాదు."

అతనికి అర్థం కాలేదు. "ఫోను ఆపేసుకుంటే పోయేదిగా?"

"ఆపేస్తే ఎందుకు ఆపేశావంటారు. క్లాసు వాట్సాప్ గ్రూపు చూడకపోతే నా గురించే ఏదో రాస్తున్నారనిపిస్తుంది. మార్కులు నాకన్నా ముందు నీకే తెలుస్తాయి. ఇంటికి వస్తుంటే గుండె దడదడలాడుతుంది నాన్నా, ఊపిరాడదు. ఇక్కడైతే కాసేపు ఎవరికీ దొరకను."

వాచ్‌మన్‌ని పంపేసి అతనూ ఆ లిఫ్టులోనే కూతురి పక్కన చతికిలబడ్డాడు.

ఇంటికెళ్లాక తల్లితో చెప్పాడు. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా!"

ఆవిడ ఈసారి నవ్వలేదు. "ఎందుకు లేవూ? దీని వయసులో నాకు చదువు మాన్పించి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. పొగరన్నారు. నువ్వు పరీక్ష తప్పినప్పుడు తిండి మానేసి పడుకున్నావు, మర్చిపోయావా? కాకపోతే మనం ఇంటికొచ్చి తలుపేసుకుంటే బయటివాళ్లు బయటే ఉండేవాళ్లు. దీనికి ఆ దారీ లేదు పాపం."

మర్నాడు భార్యాభర్తలిద్దరూ సెలవు పెట్టి పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇవి వేషాలు కావు, ఆందోళన జబ్బు, నెమ్మదిగా తగ్గుతుంది, తొందరపెట్టకండి అంది డాక్టరమ్మ. మార్కులు ముందు పిల్లకి చెప్పండని తండ్రి స్కూల్లో అడిగితే, అందరికీ ఒకటే పద్ధతన్నారు. దాంతో యాప్ తెరవడం అతనే మానేశాడు. పనిలో ఫోను మోగితే చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. బలవంతాన వెనక్కి తీసుకునేవాడు.

ఆ తర్వాత కూడా ఒక పరీక్ష మధ్యలో పిల్ల వణికిపోయి బయటికొచ్చేసింది. మళ్లీ ఆసుపత్రికి తిరిగారు. పిల్ల ఇంటికి రావడం ఆలస్యమైన రోజుల్లో తండ్రి ఇప్పటికీ ముందు లిఫ్టు దగ్గరికే పరుగెడతాడు. పూర్తిగా కోలుకుందని ఎవరూ అనలేరు. అయితే దడ మొదలైనప్పుడు పిచ్చుక ఇప్పుడు దాక్కోవడం లేదు. వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుని, "మళ్లీ వస్తోంది నానమ్మా," అంటుంది. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టేస్తుంది.