వీరభద్రం లేత్ మిషన్

స్టీలు ఉంగరాన్ని లేత్‌లో గిర్రున తిరిగే పట్టు, అంటే చక్‌లో బిగించి, బిగించిన తాళంచెవి ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాకే వీరభద్రం లేత్ మీట నొక్కాడు. ఆ తాళాన్ని చక్‌లో మరిచి మిషన్ వేస్తే ఎగిరొచ్చి ముఖం పగలగొడుతుంది. కాకినాడ పాలిటెక్నిక్‌లో నేర్చిన మొదటి పాఠం అది. ఆక్లాండ్‌లో ఈ యూనివర్సిటీ వర్క్‌షాపుకొచ్చి పందొమ్మిదేళ్ళు. ఎంతమందికి అదే పాఠం చెప్పాడో లెక్కలేదు. పొట్టి మనిషి, వంగిన మెడ, ఎంత తోమినా గోళ్ళలోంచి పోని గ్రీజు.

రెండేళ్ళ కిందట మేడ మీద ఇన్నొవేషన్ హబ్ వెలిసింది. పరిశోధకులకూ కంపెనీలకూ ముడి వేయడం దాని పనట. ముడి మాట దేవుడెరుగు, గోడలకు రంగుచీటీలు అంటించి వాటి ముందు కాఫీ తాగడమే వీరభద్రానికి కనబడింది. మేనేజరు గ్రెగ్‌కి స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా తెలియదని భార్య వేదవతితో పందెం కాసేవాడు. అలాంటివాడి చేతిలో వర్క్‌షాపు ప్రాణం పడింది. “గురువారం పదకొండింటికి పాల కంపెనీవాళ్ళు వస్తారు. వాళ్ళకు నచ్చితే వర్క్‌షాపు ఉంటుంది” అని సోమవారం మాటిచ్చాడు.

పరిశోధన విద్యార్థిని ప్రణీత పరుగున వచ్చింది. ఆవు పొదుగువాపును పాలలోనే పసిగట్టే సెన్సర్ ఆ పిల్లది. సెన్సర్ బాగానే ఉంది, దాన్ని పాలగొట్టానికి బిగించే ఉంగరం దగ్గరే పాలు కారుతున్నాయి.

“అయిందా అంకుల్? వాళ్లు లిఫ్ట్ కాడికొచ్చిన్రు.”

“ఇది ఏడో ఉంగరం. ఈసారి కారదమ్మా, పట్టుకెళ్ళు.”

చేతులు తుడుచుకుని తనూ వెళ్ళి హబ్ గుమ్మంలో నిలబడ్డాడు. పాలు గొట్టంలో పారాయి. చుక్క కారలేదు. కంపెనీ ముసలాయన ఉంగరాన్ని బొటనవేలితో నిమిరి, “ఎవరు చేశారిది?” అనడిగాడు. గ్రెగ్ చేతులు బార్లా చాపి, “మా ఎకోసిస్టమ్! మేమంతా కలిసి!” అన్నాడు. ప్రణీత నోరు తెరిచి, గ్రెగ్‌ని చూసి మూసేసింది.

“సొమ్మొకడిది, సోకొకడిది,” అన్నాడు వీరభద్రం పైకే. అర్థమైన ఒక్క మనిషీ తల దించుకుంది.

మూడింటికి గ్రెగ్ ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని కిందికి వచ్చాడు. సెన్సర్ తీసుకోవడానికి కంపెనీ ఒప్పుకుందట. ఉంగరాలు బయట చేయించుకుంటుందట. వర్క్‌షాపు కాఫీ లాంజ్ అవుతుందట. “రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. కానీ నీ లేత్‌ని పారేయం, హాల్లో అలంకారంగా పెడతాం!” వరమిచ్చినట్టు నవ్వాడు. వీరభద్రానికి అవమానం కంటే అసహ్యమే ఎక్కువ కలిగింది. ఎలక్ట్రీషియన్ లేత్ వైరు కోశాడు. గ్రెగ్ వీరభద్రం జేబులోంచి తాళం లాగి, అందంగా ఉంటుందని చక్‌లో గుచ్చి, ఫోనులో ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ప్రణీత వచ్చింది.

“నేను చెప్పాల్సుండె అంకుల్. నోరు రాలే.”

“పోన్లేమ్మా. రబ్బరు వాషరు నెలనెలా మార్చు. లేకపోతే మళ్ళీ కారుద్ది.”

ఆమె వెళ్ళాక లేత్‌ని నూనెగుడ్డతో మొదట్నుంచి చివరిదాకా తుడిచాడు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. ఇంటికెళ్ళే శాండ్రింగ్‌హామ్ బస్సుకి వేళయింది. లైటు ఆర్పబోతూ తాళాన్ని చూసి, అలవాటుగా వెనక్కి వెళ్ళి చెయ్యి చాపాడు. కోసిన వైరు కాలికి తగిలింది. ఇక ఈ మిషన్ ఎవరి ముఖమూ పగలగొట్టదు. చెయ్యి వెనక్కి తీసుకుని, లైటు ఆర్పి వెళ్ళిపోయాడు.

పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, తాళం చక్‌లోనే ఉండిపోయింది.