చేపనూనెకు చట్టం

సిపాయిలు గొడ్డళ్లతో పెట్టెల మూతలు పగలగొట్టి, చేపనూనె అంతా ఒడ్డున రాళ్ల మీద పారబోశారు. మేం నిలబడి చూశాం. నాస్ నది దగ్గర నెల రోజులు చలినీళ్లలో నిలబడి పట్టిన చేపలవి. ఆడవాళ్లం పొగలో కళ్లు మండిపోతుంటే కాచిన నూనె అది. చలికాలంలో మా పిల్లలకు ఎండుచేప ముక్క గొంతు దిగాలంటే ఆ నూనే దిక్కు.

మా పెద్దమ్మ సయీనా ఊరుకోలేకపోయింది. మోకాళ్ల మీద కూర్చుని, రాళ్ల సందుల్లో నిలిచిన నూనెను దోసిటితో బుట్టలోకి ఎత్తడం మొదలుపెట్టింది. ఒక సిపాయి వచ్చి ఆమె చేతి మీద బూటు పెట్టి నొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది. పెద్దమ్మ రెండో చేత్తో ఎత్తసాగింది.

రష్యా వాళ్లు మా తీరాన్ని అమెరికా వాళ్లకు అమ్మి అప్పటికి రెండేళ్లు. అమ్మినట్టు మాకెవరూ చెప్పలేదు. కోట మీద జెండా మారింది, అంతే. ఆ వసంతంలో సుంకం దొర దిగాడు. వాళ్ల దేశపు సుంకం చట్టాలు ఇకమీదట మా నీళ్లకూ వర్తిస్తాయని కోట తలుపు మీద కాగితం అంటించాడు. అది చదవగలిగినవాడు మాలో ఒక్కడూ లేడు.

దుబాసీ యెఫీమ్ రష్యా తండ్రికీ, మా జాతి తల్లికీ పుట్టినవాడు. అతనే చెప్పాడు. నాస్ నది ఇంగ్లీషు వాళ్లదట, ఇటు నీళ్లు అమెరికా వాళ్లవట. అటు నుంచి తెచ్చిన ప్రతిదీ దొరకు చూపించి, సుంకం కట్టి, కాగితం తీసుకోవాలట. లేకపోతే అది దొంగసరుకు. సరుకూ పోతుంది, పడవా పోతుంది.

మా ఇంటి పెద్ద, మా మేనమామ యాక్వాన్ ముందుకొచ్చాడు.

"రెండు నీళ్ల మధ్య ఆ గీత ఎక్కడుందో చూపించమను."

"నీళ్ల మీద లేదు పెద్దాయనా. కాగితం మీద ఉంది."

"రష్యా వాడికి కోట కట్టుకోడానికి జాగా ఇచ్చింది మా తాత. తలదాచుకోడానికొచ్చిన చుట్టం ఇల్లమ్ముకుని పోతే, కొన్నవాడు నిలదీయాల్సింది ఎవర్ని? మమ్మల్నా?"

యెఫీమ్ అందులో ఎంత చెప్పాడో, ఎంత మింగాడో తెలియదు. దొర చెయ్యి ఊపాడు. సిపాయిలు మా పడవల మీద పడ్డారు. ఒక్కో పడవా ఒక్కో దేవదారు మాను. తొలిచి, తీర్చి, నీళ్లలో దించడానికి ఏడాది పట్టింది. మూడు పడవలు ముక్కలయ్యాయి. నాలుగోదాని మీద మామ బోర్లా పడుకున్నాడు. తుపాకీ మడమలతో కొట్టి, సంకెళ్లు వేసి ఈడ్చుకెళ్లారు.

పన్నెండో రోజున శవాన్ని అప్పగించారు. జ్వరమన్నారు. చీలమండల దగ్గర ఎముక బయటపడింది. పెదాలు పగిలిపోయాయి. చివరి మూడు రోజులూ మామ నీళ్లే అడిగాడని యెఫీమ్ తలెత్తకుండా చెప్పాడు. కాగితం లేనివాడికి కోట బావిలో నీళ్లు లేవని కాపలావాడు నవ్వాడట.

మనిషిని చంపితే, చంపినవాళ్లు వచ్చి పరిహారమిచ్చి తల వంచాలి. అది మా చట్టం. రష్యా వాళ్లు కూడా దానికి జంకేవాళ్లు. మేం కోట ముందుకెళ్లి అడిగాం. దొర పుస్తకం తిరగేసి జవాబు చెప్పించాడు. ఈ తీరానికి వచ్చినవి సుంకం చట్టాలేనట. మనుషుల చావులకు సంబంధించినవి ఇంకా రాలేదట.

మామ చితి చల్లారాక మూడూళ్ల జనం మా ఇంట్లో కూడారు. అవతలి ఇంటి పెద్ద తనూక్, కోటలో పిండీ గుడ్డలూ కొని మాకు అమ్మేవాడు. కాగితం తీసుకుందామన్నాడు. తెడ్లతో ఫిరంగికి ఎదురెళ్తారా అని అడిగాడు. చాలామంది తలలూపారు. వాళ్ల భయం అబద్ధం కాదు. పడవలున్నవాళ్లకే భయమని ఎవరో దెప్పారు. గొడవ ముదిరింది.

అప్పుడు తలుపు దగ్గర నుంచి హాగ్విల్ మాట్లాడాడు. నాస్ నది వాడు. ఒక పోరులో మామ పట్టుకొచ్చి పెద్దమ్మకు ఇచ్చిన బానిస. సభలో బానిస నోరు విప్పడం నేను చూడ్డం అదే మొదలు.

"ఆ నది నా పుట్టిల్లు. నన్ను ఈ నీళ్ల మీదుగానే కట్టేసి తెచ్చారు. దొర మీ నూనె పట్టుకున్నాడని ఏడుస్తున్నారు. మరి నన్ను పట్టుకున్నదెవరు?"

తనూక్ కర్ర ఎత్తాడు. పెద్దమ్మ కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మాట ఆమెకు రుచించలేదని ముఖమే చెప్పింది. నాకూ రుచించలేదు. తర్వాత సిగ్గేసింది.

"వాడన్నది నిజం," అంది చివరికి. "ఒరే హాగ్విల్, ఇవాళ్టి నుంచి నువ్వెవరి మనిషివీ కావు. పోతానంటే పో. మేం మాత్రం కాగితం తీసుకోకుండానే రేపు మళ్లీ ఆ నదికి నూనె తేవడానికి పోతాం."

"పోతాను. మీ పడవలోనే పోతాను. మావాళ్లకు ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటా."

ఇంకో ఏడుగురు బానిసలు లేచి నిలబడ్డారు. కొందరు యజమానులు వదిలారు. తనూక్ వదల్లేదు.

మర్నాడు పట్టపగలు, అరువు తెచ్చినవీ సొంతవీ కలిసి ఇరవై పడవలు కోట ముందు నుంచే దక్షిణానికి సాగాయి. నది దగ్గర హాగ్విల్ దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాం. మేం నది జనం దగ్గర కొన్న నూనె పడవల్లోకి ఎక్కిస్తుంటే తొమ్మిది పడవలతో వచ్చాడు. అతని మేనమామలు, అక్కలు, వాళ్ల పిల్లలు. రేపు ఈ నదికీ ఒక సుంకం దొర వస్తాడని తనవాళ్లకు చెప్పానన్నాడు.

తిరిగొస్తుంటే దొర పొగ ఓడ అడ్డంగా నిలబడి ఉంది. మొదటి గుండు తలల మీంచి పోయింది. రెండోది పెద్దమ్మ పడవను చీల్చింది. పగిలిన పెట్టెల నూనె మీద ఆమె తెల్లజుట్టు కాసేపు తేలింది, తర్వాత కనిపించలేదు. ఎవరూ పడవ వెనక్కి తిప్పలేదు. వెనక వస్తున్నవాళ్లు బతికినవాళ్లను ఎక్కించుకున్నారు.

ఓడకు రెండు పక్కలా చీలి, దాన్ని దాటి ఒడ్డుకు చేరి, పెట్టెలు కోట తలుపు ముందు దించాం. ఒక్కో పెట్టె మీద ఒక్కో మనిషి కూర్చున్నాడు. దొర సిపాయిలతో వచ్చాడు. అమెరికా నీళ్లవాళ్లు ఇటు, ఇంగ్లీషు నదివాళ్లు అటు నిలబడాలని చెప్పించాడు. ఎవరూ కదల్లేదు. దొర మళ్లీ అరిచాడు. ఈసారి యెఫీమ్ నోరు విప్పలేదు. దొర ఇచ్చిన టోపీ తీసి నేల మీద పెట్టి, మా మధ్యకొచ్చి ఒక పెట్టె మీద కూర్చున్నాడు.

మొదట అతన్నే కొట్టారు. తర్వాత చేతికందిన పదకొండు మందికి సంకెళ్లు వేశారు. ఒక గొలుసుకు ఒక కొసన నేను, ఇంకో కొసన హాగ్విల్. లోపలికి ఈడుస్తుంటే మెడ తిప్పి చూశాను. మేం లేచిన పెట్టెల మీద అప్పటికే వేరేవాళ్లు కూర్చుని ఉన్నారు.